మొదటి చూపుకు రెండో రకం

ఆ రోజుల్లో మా నగరిలో చెవులు పోగులు పెట్టుకోవడానికీ, బీడీ దోపుకోవడానికీ తప్ప వినడానికి పెద్దగా అక్కరకొచ్చేవి కావు. వీధి పొడుగునా ఇంటింటికీ మరమగ్గాలే. తెల్లారి కరెంటు వచ్చిందంటే అన్నీ ఒకేసారి టకటకమని అందుకునేవి. ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే ఉగ్గు తాగి పెరిగినవాళ్ళం మేము. మగ్గం ఆడుతున్నంతసేపూ ఉయ్యాల్లో బిడ్డ హాయిగా నిద్రపోయేది. కరెంటు పోయి ఊరంతా నిశ్శబ్దమైతే ఉలిక్కిపడి లేచి ఏడుపందుకునేది. ఇట్లాంటి ఊళ్ళో పెరిగినవాళ్ళకు అడగకుండానే రెండు విద్యలు వస్తాయి. ఒకటి గొంతు. "కాఫీ తాగినావా?" అని మేము ప్రేమగా అడిగితే పొరుగూరివాళ్ళు తగాదా అనుకుని పంచె ఎగ్గట్టేవాళ్ళు. రెండోది చేతులు. ఆ గొంతు కూడా ఓడిపోయే చోట, అంటే షెడ్డు లోపల, మాటలన్నీ చేతులతోనే. మీసం మెలేసినట్టు వేళ్ళు తిప్పితే మొదలాళి వస్తున్నాడని (షెడ్డు యజమానిని అట్లాగే పిలిచేవాళ్ళం, అరవదేశం పక్కనే కదా). చిటికెన వేలు ఎత్తి ఆడిస్తే కండెలో నూలు అయిపోయిందని. బొటనవేలు నోటి దగ్గర వంచితే టీకి పోదాం రమ్మని. అరచేతిని కత్తిలా పెట్టి రొమ్ముకు అడ్డంగా ఒక్క కోత కోస్తే మాత్రం పోగు తెగింది, మగ్గం ఆపు, ఆలస్యమైతే గుడ్డంతా పాడైపోతుంది అని. ఆ సైగ చూశాక నిలబడి ఆలోచించేవాణ్ణి మేము నేతగాడి కింద లెక్కేసేవాళ్ళం కాదు. కుడిచెయ్యి తనంతట తనే పోయి హ్యాండిల్ లాగెయ్యాలి.

ఇదంతా మొన్నొక పొద్దున అలిపిరి దగ్గర మా నలుగురి సభలో బయటపడింది. మగ్గాలు వదిలి తిరుపతి చేరి చాలా ఏళ్ళయింది. పొద్దున్నే అలిపిరి దాకా నడిచిపోయి, కొండెక్కే భక్తులను కాసేపు చూసి, మేమే ఎక్కినంత అలసట తెచ్చుకుని, టీ బండి పక్కనున్న సిమెంటు అరుగు మీద కూలబడతాం. నలుగురిలో ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు. ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు. మూడోవాడు కండె. చిన్నప్పుడు నూలు చుట్టే కండెలా సన్నగా ఉండేవాడని షెడ్డులో పెట్టిన పేరది. ఇప్పుడు ఊపిరి బిగపడితే తప్ప చొక్కా గుండీ పడనంత ఒళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు. చెవికి మిషను పెట్టుకుంటాడు. వాడూ నేనూ ఒకే షెడ్డులో పక్కపక్క మగ్గాల మీద పెరిగాం. నాలుగోవాణ్ణి నేను. మా సభకు విషయమంటూ ఉండదు. బీపీ, షుగరు, మనవళ్ళ మార్కులు అయ్యాక, ఈ మధ్య ఎవరు ఏ తెలివితక్కువ పని చేశారన్న దగ్గరికి వస్తాం. అక్కడ్నుంచి పోటీ.

ఆ పొద్దు కండక్టరు మొదలుపెట్టాడు. "పోయిన వారం చిత్తూరికి పోతా ఉండాం, నేనూ మా ఇంటామె. పాకాల్లో బస్సు నిలబడితే మల్లెపూలు కొంటానని దిగింది. నేను కిటికీకి తల ఆనించి కునుకు తీస్తా ఉండా. నిద్దట్లో ఏమనిపించిందో ఏమో, 'రైట్ రైట్' అని అరిసేసినా. అది ముప్పై ఏండ్ల గొంతు కదప్పా, డ్రైవరు లాగించేసినాడు. పూతలపట్టు దాటినాక మెలకువొచ్చి పక్కన సూస్తే టిఫిన్ క్యారియరు ఉండాది, ఇంటామె లేదు." మేము నవ్వుతూ ఉంటే ఆయన మాత్రం నవ్వలేదు. "ఆమె ఎనకాల బస్సులో వచ్చిందిలే. అన్నం పెడతా ఉండాది. మాట్లాడేది మాత్రం లేదు," అన్నాడు. దానికి హెడ్మాస్టరు తన కంటి డాక్టరు కథ అందుకున్నాడు. "నాకు ముందర ఏడుమంది ఉండారయ్యా. ఒక్కొక్కరూ గోడమీది అక్షరాలు చదువుతా ఉంటే కూర్చొని విన్నా. నా వంతొచ్చేటప్పటికి మొత్తం నోటికొచ్చేసినాయి. గడగడా ఒప్పజెప్పినా. 'మీ కండ్లకేమి సార్, కుర్రోళ్ళ కండ్లు' అని పంపించేసినాడు." (కాపీ కొట్టారని ఎంతమంది పిల్లల వీపులు మోగించాడో ఈయన. ఈ మాట చెబుతూ చెబుతూ తన గ్లాసనుకుని నా గ్లాసు ఎత్తి తాగేశాడు.)

అప్పుడు కండె చెవి మిషను సర్దుకుని, "ఇవేమి కతలప్పా! ఈయన్ని అడగండి. ఈయన పెండ్లిచూపులకు పోయి మగ్గం ఆపేసి వచ్చినాడు," అన్నాడు. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పకుండా కాపాడుకుంటున్న కథ అది. నేను మాట మార్చబోయాను. "నువ్వు సెప్పకుంటే నేను సెప్తా. నాకు ఇంకా బాగా వచ్చు," అని బెదిరించాడు. వాడు చెబితే నేను ఇంకా పెద్ద వెధవగా తేలతానని తెలుసు కాబట్టి నేనే చెప్పుకున్నాను. వాళ్ళకు చెప్పినట్టే మీకూ చెబుతాను.

అప్పుడు నాకు ఇరవయ్యారు. షెడ్డులో అప్పటికి నాకు కొంచెం పదోన్నతి వచ్చింది. మగ్గం మీదినుంచి దించి గుడ్డ చూసే బల్ల దగ్గర వేశారు. నేసిన గుడ్డను వెలుతురుకు పట్టి, పోగులు చూసి, మొదటి రకమో రెండో రకమో చెప్పడం నా పని. దీనికీ సైగలున్నాయి. చూపుడువేలు చెంపకు ఆనిస్తే మొదటి రకం. రెండు వేళ్ళు కలిపి నేలకేసి దించితే రెండో రకం. ఈ పనిలో ఒక మర్యాద ఉంది, నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడు: గుడ్డ ఎంత బాగున్నా మొదటి చూపుకే మొదటి రకమనకూడదు. రెండు వేళ్ళు దించాలి. నేసినవాడు వచ్చి గొడవ పెట్టుకోవాలి. అప్పుడు అద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూసి, పోనీలే అన్నట్టు వేలు చెంపకు ఆనించాలి. చూసీచూడగానే బాగుందన్నవాడికి కన్ను లేదంటారు. నేను ఆ మర్యాదను ప్రాణప్రదంగా పాటించేవాణ్ణి.

సంబంధాలు మాత్రం కుదరడం లేదు. కారణం నా గొంతు. పుత్తూరులో ఒక ఇంటికి పోతే, పిల్లను "పేరేమి?" అని అడిగాను. నా లెక్కలో అది గుసగుస. లోపల నిద్రపోతున్న చంటిబిడ్డ లేచి కేకపెట్టింది; ఏం జరిగిందోనని పక్కింటాయన గోడమీదినుంచి తొంగిచూశాడు. ఇంకోచోట పిల్ల తండ్రి, "అబ్బాయి మంచోడేనమ్మా, కాకపోతే రోజూ మా పాపను తిడతా ఉండాడని వీధంతా అనుకుంటారు," అని మర్యాదగా కాఫీ తాగించి పంపాడు. మూడోచోట నేను బాగానే నోరు మూసుకున్నాను, మా నాయన తెరిచాడు. ఆ మూడూ అయ్యాక అమ్మ మా ఇద్దరినీ వంటింట్లో నిలబెట్టి చెప్పింది. "ఈసారి మాట్లాడేది నేను. మీరిద్దరూ పోవాల, తినాల, రావాల. నోరు తెరిస్తిరా, ఆ ఊళ్ళోనే వదిలిపెట్టి వచ్చేస్తా." నాయన గట్టిగా సరేనన్నాడు. (ఆ సరే విని ఎదురింటి ముసలమ్మ బయటికొచ్చింది.)

నాలుగోది చిత్తూరు సంబంధం. పిల్ల తండ్రి ఏదో ఆఫీసులో గుమాస్తా అనీ, టౌను పిల్ల అనీ, పది దాకా చదువుకుందనీ మధ్యవర్తి చెప్పాడు. పెళ్ళిచూపులకు తోడుగా ఒక స్నేహితుణ్ణి తీసుకుపోవడం మాలో ఉంది. అమ్మ కండెను ఎంచింది. వాడికీ ఇంకా పెళ్ళి కాలేదు. వాణ్ణే ఎందుకు ఎంచిందో అమ్మ దాచుకోలేదు. "వాడు పక్కన కూచుంటే నువ్వు రవంత ఒళ్ళున్నోడి మాదిరి కనపడతావు," అంది. వాడి ఎదురుగానే అంది. వాడు పకపకా నవ్వి, ఇస్త్రీ చొక్కా నాదే అడిగి తీసుకుని వేసుకుని వచ్చాడు.

చిత్తూరులో వాళ్ళిల్లు చాలా నిశ్శబ్దమైన వీధిలో ఉంది. గోడగడియారం కొట్టుకునేది కూడా వినపడేంత నిశ్శబ్దం. నాకు మొదటే అక్కడ చెమటలు పట్టాయి. నన్ను గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే పిల్ల తండ్రి కూర్చున్నాడు. అమ్మా నాయనా బెంచీ మీద. కండె ఎదురుగా, వాకిలి పక్కన స్టూలు మీద. అమ్మ మాట్లాడుతూ ఉంది. మాకు బజ్జీలు, కేసరి ఇచ్చారు. నోటికి తాళం వేశారు గాని చేతులకు వెయ్యలేదు కదా. నేను మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, పక్కాయన వైపు కళ్ళతో చూపించి, మీసం మెలేసినట్టు వేళ్ళు తిప్పాను. మొదలాళి మాదిరి ఉన్నాడు కదా అని. కండె నవ్వాపుకుంటూ తలాడించాడు. కేసరి చూపించి, రంగు దిగిపోయిందన్నాను (అద్దకం బాగా పడని నూలుకు వాడే సైగ). వాడు రెండో ముద్ద నోట్లో పెట్టుకుని, గమ్మున తిను అన్నాడు. టౌనువాళ్ళు, గుమాస్తా ఇల్లు, మగ్గాల భాష వీళ్ళకేం తెలుసని మా ధీమా. పిల్ల తల్లిది మా నగరి పక్కనే ఉన్న మగ్గాల ఊరు ఏకాంబరకుప్పమని, ఆ పిల్ల అమ్మమ్మగారింట్లో ఉండే చదువుకుందని, బడి వదలగానే మేనమామ షెడ్డులో మగ్గాల పక్కన కూర్చుని కండెలు చుట్టేదని ఆ మధ్యవర్తి మహానుభావుడు మాకు చెప్పలేదు.

పిల్ల కాఫీలు తీసుకుని వచ్చింది. ఇందులో వర్ణన ఏమీ లేదు. చూశాను, నచ్చింది. తట్ట ఒక చేత్తో పట్టుకున్న తీరు, వంగకుండా కంగారుపడకుండా అందరికీ ఇచ్చుకుంటూ వచ్చిన తీరు, అన్నీ నచ్చాయి. నాకు తెలిసి అంతకుముందెప్పుడూ ఏదీ నాకు అంత త్వరగా నచ్చలేదు. ఎదురుగా కండె కనుబొమలు ఎగరేశాడు, ఎట్లుండాది అని. నా చూపుడువేలు చెంపకు పోవాల్సింది. బల్ల దగ్గర నేర్చుకున్న మర్యాద అడ్డొచ్చింది. నా రెండు వేళ్ళు కలిసి, నేలకేసి దిగాయి.

కండె మొహం ఎర్రబడింది. వాడు వెంటనే చూపుడువేలు చెంపకు ఆనించి, అంతటితో ఆగక రెండుసార్లు తట్టాడు. అంటే మామూలు మొదటి రకం కాదు, ఎగుమతికి పోయే సరుకని. నేసినవాడు గొడవ పెట్టుకోవడం ఆనవాయితీ కదా, నేను ఇంకొంచెం బిగిశాను. మళ్ళీ రెండు వేళ్ళు. దానికి తోడు పొడవు అర గజం తక్కువ అని బెత్త చూపించాను. ఆ పిల్ల పొట్టి కూడా కాదు; ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. వాడు కళ్ళద్దాలు తుడుచుకోమన్నాడు. నాకు అప్పటికి అద్దాలు లేవు. నేను అంచు వంకరన్నాను. వాడు నీ చూపే వంకరన్నాడు. మా చేతుల వేగం పెరిగిపోయింది. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే ఆనవాయితీ ప్రకారం నా వేలు చెంపకు పోయేది. నేను ఆ నిమిషం కోసమే ఎదురుచూస్తున్నాను.

అంతలో ఆ పిల్ల మా నాయనకు కాఫీ ఇచ్చి, తండ్రికి ఇచ్చి, నా ముందుకొచ్చి నిలబడింది. తట్ట ఎడమ చేతికి మార్చుకుంది. నా మొహంలోకి తిన్నగా చూసింది. కుడి అరచేతిని కత్తిలా పెట్టి, రొమ్ముకు అడ్డంగా ఒక్క కోత కోసింది.

మగ్గం ఆపు.

ఆ తర్వాత జరిగింది నేను చేసింది కాదు, ఏళ్ళ తరబడి అలవాటు పడిన నా కుడిచెయ్యి చేసింది. ఒక్క ఉదుటున లేచాను. చెయ్యి హ్యాండిల్ కోసం పక్కకు పోయింది. అక్కడ హ్యాండిల్ లేదు. పొగలు కక్కే కాఫీ దవరా పట్టుకున్న పిల్ల తండ్రి మణికట్టు ఉంది. దాన్ని పట్టుకుని నా బలమంతా పెట్టి కిందికి లాగాను. ఆయన తెల్ల పంచె మీద కాఫీ, కాఫీ మీద దవరా, దాని వెనకాలే ఆయన. అది చాలదన్నట్టు, అమ్మ ఆజ్ఞ మరిచిపోయి, షెడ్డు గొంతుతో "పోగు తెగిందా?" అని అరిచాను. కిటికీ తలుపు కొట్టుకుంది. వీధిలో పోయే సైకిలాయన దిగి నిలబడ్డాడు. ఆ పిల్ల మాత్రం కదలలేదు. "తెగింది," అంది, చాలా మెల్లగా. ఆ తర్వాత తట్ట తీసుకుని లోపలికి పోయింది.

బస్సులో అమ్మ చిత్తూరునుంచి నగరి దాకా ఒకే వాక్యం ఆపకుండా తిట్టింది. నేను ఒక్క ముక్క వినలేదు. ఆ పిల్లకు మా భాష తెలుసు, నేనన్నదంతా చూసింది, నేను అనబోయింది మాత్రం చూడలేదు. ఇదే నా తలలో తిరుగుతూ ఉంది. అయినా ఆశ చావలేదు. రెండో రకమన్నవాడిమీద పౌరుషానికైనా ఒప్పుకుంటుందేమో అనుకున్నాను. ఇరవయ్యారేళ్ళ వయసులో మనిషికి ఇట్లాంటి లెక్కలు చాలా సబబుగా కనిపిస్తాయి.

మూడోరోజు సాయంత్రం మధ్యవర్తి మా వీధిలోకి వచ్చాడు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఆయన మా ఇంటి ముందుకు వచ్చి, తల వంచుకుని, మా ఇల్లు దాటి ముందుకు పోయాడు. "దోవ తప్పినట్టుండాడు, పిలవరా," అంది అమ్మ. ఆయన దారి తప్పలేదు. తిన్నగా కండె వాళ్ళింటికి పోయాడు. పిల్ల వాళ్ళమ్మతో చెప్పిందట: "గోడకాడ కూచున్నాయన వద్దు. వాకిలికాడ స్టూలు మీద కూచున్నాయన అయితే నాకు సరే."

ఇక్కడికొచ్చేసరికి అరుగు మీద కండక్టరు నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది. "అంటే మన కండె ఇంటామె... ఆ సెల్లెలేనా?" అన్నాడు. కండె ఏమీ ఎరగనట్టు కొండవైపు చూస్తూ కూర్చున్నాడు. హెడ్మాస్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, ఆ పాత అద్దాల్లోంచి ఎవరు ఎవరో ఆయనకు ఏ మాత్రం కనిపించిందో తెలీదు.

మరుసటి రోజు షెడ్డులో కండె తన మగ్గం ఆపేశాడు. పోగు తెగలేదు, నూలు అయిపోలేదు, ఊరికే ఆపేశాడు. గజాల మీద కూలి తీసుకునేవాడు ఎవడూ చెయ్యని పని అది. నా బల్ల దగ్గరికొచ్చి నా చెవిలో అరిచాడు. "నిన్న సాయంత్రం నుంచి అన్నం దిగలేదప్పా నాకు. ఒక్కమాట సెప్పు. నీకు ఆ పిల్ల నచ్చిందా, లేదా? నచ్చిందంటివా, నేను ఇప్పుడే పోయి వద్దని సెప్పేస్తా. మా నాయన తన్నినా సరే." నిజంగానే అన్నాడు. నేను ఔనంటే పోయి చెప్పేసేవాడు కూడా, వాడు అట్లాంటివాడే. నేను వాడి మొహం చూశాను. ఎప్పుడూ ఊరకుండని వాడి చేతులు రెండూ పక్కన ఊరికే వేలాడుతున్నాయి. బల్ల మీద ఎవరిదో గుడ్డ ఉంది, దాన్ని వెలుతురుకు పట్టుకుని, "నాకా? రెండో రకమని ఆపొద్దే సెప్పినా కదరా. నాకొద్దు. నువ్వు సేసుకో," అని అరిచాను. అందులో పౌరుషం ఎంత, స్నేహం ఎంత అంటే నేను ఈనాటికీ తేల్చుకోలేదు. వద్దన్నదాన్ని అడగడం ఎట్లా అన్న సిగ్గు కూడా కొంత ఉంది. వాడు నా భుజం మీద ఒక్క దెబ్బ కొట్టి, పోయి మగ్గం వేసుకున్నాడు. నేను ఆ రోజు చూసిన గుడ్డలన్నిటికీ, మొదటి చూపుకే, మొదటి రకమని రాసి పంపేశాను. మొదలాళి పిలిచి చివాట్లు పెట్టాడు.

వాళ్ళ పెళ్ళి జరిగింది. పందిట్లో వడ్డన అంతా నేనే దగ్గరుండి చూశాను. తలంబ్రాలప్పుడు పక్కకు తిరిగి అరటాకులు లెక్కపెట్టాను. తర్వాత ఏడాదికి నాకూ కుదిరింది, పొదటూరుపేట వైపు పిల్ల, అదీ మగ్గాల ఊరే. ఆవిడ గొంతు ముందు నా గొంతు పిల్లికూత. పెళ్ళిచూపుల్లో మేమిద్దరం రెండు మాటలు మాట్లాడుకునేసరికి ఇరువైపులా పెద్దలు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆవిడతో నాకు ఏ లోటూ లేదు. ఇది భయపడి రాస్తున్న మాట కాదు. కండె భార్య నన్ను అన్నా అంటుంది. పోతే కాఫీ ఇస్తుంది. ఇచ్చి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడుతుంది, అంతే.

కథ అయిపోయిందనుకుని నేను నా ఖాళీ గ్లాసు కింద పెట్టాను. కండె చెవి మిషను తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కొండెక్కే జనం గోవిందా అనుకుంటూ పోతున్నారు. "ఇప్పుడు సెప్పప్పా," అన్నాడు, నా వైపు చూడకుండా. "ఇంత వయసొచ్చింది. నీకు మనవరాలి పెండ్లి కూడా అయ్యేట్టుండాది. ఆపొద్దు నీకు నిజంగా నచ్చలేదా?"

కండక్టరు, హెడ్మాస్టరు ఇద్దరూ ముందుకు వంగారు. అబద్ధం చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది. "నచ్చింది," అన్నాను.

"నాకు తెల్సు," అన్నాడు కండె.

"ఏం తెల్సు?"

"నీ ఎడమ చేతిలో బజ్జీ. ఆ పిల్ల కాఫీలు తెచ్చినప్పటి నుంచి అట్లనే పట్టుకోనుండావు. తినలేదు, పెట్టలేదు. నూనె కారి నీ చొక్కా చేతిలోకి పోతా ఉండాది, నువ్వు సూసుకోలే. నీకు నచ్చిందని నీకంటే ముందు నాకే తెల్సు." గ్లాసు అడుగున మిగిలిన టీ నేలమీద పారబోశాడు. "అందుకే, బల్లకాడికొచ్చి నిన్ను అడగకముందే, వినాయకుడికి మొక్కుకున్యా. స్వామీ, వాడిని అడగకుండా ఉండలేను, అడిగితే వాడు నచ్చలేదనాల. అన్న్యాడంటే కాణిపాకం వచ్చి నూటొక్క టెంకాయ కొడతానని. నువ్వు అంటివి. పెండ్లికి ముందర బేస్తవారం పోయి కొట్టేసి వచ్చినా. నువ్వు కూడా వచ్చినావు కదా, గుర్తు లేదా?"

గుర్తుంది. కొంచెం కూడా చెరగకుండా గుర్తుంది. పెళ్ళికొడుకును ఒంటరిగా పంపకూడదని నేనే బయల్దేరాను. ఏదో ఇంటి మొక్కు అన్నాడు, నేను ఎక్కువ అడగలేదు. కాణిపాకం దిగండని ఆ బస్సు కండక్టరు అరిచింది మా ఇద్దరి చెవులకూ ఎక్కక, ఐరాల దారిలో రెండు మైళ్ళు ముందుకు పోయి దిగి, వెనక్కి నడిచాం. మిట్టమధ్యాహ్నం. వాడు సన్నంగా ఉన్నాడు, పెళ్ళి పెట్టుకున్నవాడు ఎండకు కమిలిపోతాడని టెంకాయల గోనె మూట నేనే నెత్తికెత్తుకున్నాను. చెరుకు తోటల పక్కన నడుస్తూ, మధ్యలో ఒకసారి వాడు మార్చుకుంటానంటే ఇవ్వలేదు. గుడి దగ్గర ఒక్కొక్క కాయా తీసి వాడి చేతికి అందించింది నేనే. ఆఖరి కాయ కొట్టాక, వాడి పక్కనే నిలబడి కళ్ళు మూసుకుని, స్వామీ, వీడు ఏం కోరుకున్నాడో నాకు తెలీదు, అది చక్కగా నెరవేరేటట్టు చూడు అని మనసారా దండం పెట్టుకున్నాను కూడా.

అరుగు మీద ముందుగా ఎవరు నవ్వారో చెప్పలేను, నలుగురం నవ్వాం. కొండమెట్లకు పోయేవాళ్ళు ఆగి చూశారు. కండె చెవి మిషను జారి ఒళ్ళో పడింది. ఇంటికి వస్తూ దారిలో నాకు ఆ కుర్రవాడే కళ్ళ ముందు కనిపిస్తూ వచ్చాడు. నెత్తిన మూట, మెడ బిగుసుకుపోయి, చెమటలు కారుతూ, అడుగు తీసి అడుగు జాగ్రత్తగా వేస్తున్నాడు. వాణ్ణి చూస్తే కోపం రాలేదు, జాలి కూడా కాదు, కొంచెం ముచ్చటేసింది. పాపం, ఎంత శ్రద్ధగా మోశాడు! అంత దూరంలో ఒక్క టెంకాయ కూడా పగలనివ్వలేదు.